తెగిన పోగును వెదకుట: కార్యాలయపు కంప్యూటర్లకును సర్వరునకును సంబంధము తెగినపుడు

ఒకప్పుడు మన పిల్లల వివరములన్నియు దళసరి అట్టలుగల దాఖలా పుస్తకములలో నుండెడివి. గుమాస్తాగారు బీరువా తెరచి, పుస్తకము దించి, పుట తిప్పి చూచుటతో పని ముగియుచుండెను. నేడా పుటలన్నియు వేలూరి కార్యాలయములోని ఒక కంప్యూటరునందు చేరినవి. వివరములను పట్టికలుగా క్రమపరచి దాచి, అడిగినవారికి అడిగిన వరుసను తీసి యిచ్చు ఏర్పాటునకు డేటాబేసు అని పేరు. ఆ డేటాబేసును ఉంచుకొని అందరికిని బదులు చెప్పు కంప్యూటరు సర్వరు. గుమాస్తాగారి బల్లమీది కంప్యూటరులో పుటలు లేవు. అది సర్వరు నడిగి తెచ్చి చూపు కిటికీ వంటిది. నడుమనున్న దారి తెగినచో కిటికీ యుండును గాని దానిలో ఏమియు కనబడదు.

ఈ విషయమును తల్లిదండ్రులతో ముచ్చటించుటకు కారణము కలదు. పుట్టిన తేది, బడిలో చేరిన తేది, చెల్లించిన రుసుము, బదిలీ పత్రము, ఇవన్నియు ఆ పట్టికలలోనివే. వానితోపాటు మాతృభాష అను గడి యొకటి కలదు. 2006వ సంవత్సరపు తమిళ అభ్యసన చట్టము ననుసరించి ఈ రాష్ట్రములో పదవ తరగతి వరకు తమిళము తప్పనిసరి భాష. మాతృభాష తమిళమో ఆంగ్లమో కాని పిల్లలు తమ భాషను ఐచ్ఛిక విషయముగా చదువుకొనవచ్చును. కావున మాతృభాష గడిలో "తెలుగు" అను మాట పడినదా, ఖాళీగా మిగిలినదా అనునది మనకు చిన్న సంగతి కాదు. ఆ మాట గుమాస్తాగారి బల్లనుండి సర్వరు వరకు భద్రముగా చేరవలెను.

ఒక తండ్రి చెప్పిన మాట

గడచిన విద్యాసంవత్సరము చివరలో ఒక తండ్రి తన కుమార్తె బదిలీ పత్రము కొరకు మా గుడియాత్తము శాఖకు వచ్చిరి. వారు లుంగీలు నేయువారు. మగ్గము దిగిన దినమున వారికి కూలి లేదు. శాఖలోని కంప్యూటరు వేలూరి సర్వరును అందుకొనలేకపోయెను. వేలూరికి పోయినచో వెంటనే దొరకునని మేమే చెప్పి పంపితిమి. మరునాడు వారు మరల పని మానుకొని, బస్సెక్కి, సుమారు 35 కిలోమీటర్లు ప్రయాణము చేసి వచ్చిరి. వారు వచ్చి కూర్చున్న కొంతసేపటికే కరెంటు రెప్పపాటు పోయి వచ్చెను. అంతట మా కంప్యూటర్లన్నిటిమీదను "సర్వరుతో సంబంధము తెగినది" అను వాక్యము వెలసెను.

సాఫ్టువేరులోనే దోషమున్నదనియు, మొత్తము మార్చి క్రొత్తది వేయించవలెననియు మేము మాటలాడుకొనుచుంటిమి. ఆ తండ్రి విని, "పోగు తెగితే మగ్గాన్నే మార్చేస్తామా సారూ? ఎక్కడ తెగిందో చూసి ముడేస్తాం" అనిరి. కోపముతో ననలేదు. తమ పనిలో తెలిసిన సంగతిని చెప్పిరి. పడుగులో వందలకొలది పోగులుండును. ఒకటి తెగినపుడు నేతగాడు మగ్గము నాపి, అచ్చులో ఏ సందున తెగెనో చూచి, దానినే ముడివేయును. మేమో, ఎక్కడ తెగెనో చూడకయే మగ్గము మార్చబూనితిమి. ఆ సాయంకాలమే ఒక నోటు పుస్తకము తెచ్చి, సంబంధము తెగిన ప్రతిసారియు వ్రాసికొన మొదలిడితిమి. ఈ పాఠమంతయు ఆ పుస్తకము వలన నేర్చినదే.

దారిలో ఏమేమి కలవు?

తెగిన చోటు తెలియవలెనన్న దారి తెలియవలెను. గుమాస్తాగారి కంప్యూటరు వెనుక నుండి ఒక కేబులు బయలుదేరును. దానిలో జంటలు జంటలుగా మెలివేసిన ఎనిమిది రాగితీగలుండును. ఆ కేబులు పోయి స్విచ్ అను చిన్న పెట్టెలో చేరును. కార్యాలయమందలి అన్ని కంప్యూటర్ల కేబుళ్లును, సర్వరు కేబులును కలియు చోటు అదియే. ఈ పద్ధతికి ఈథర్‌నెట్ అని పేరు. 1973లో అమెరికాలోని జిరాక్స్ సంస్థ పరిశోధనాలయములో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ మొదలగువారు దీనిని రూపొందించిరి. నేటి రాగి కేబులు ఒక తునక 100 మీటర్లకు మించరాదని నియమము.

తీగ కలసినంత మాత్రమున మాట కలియదు. ప్రతి కంప్యూటరునకును ఐపీ అడ్రసు అను అంకెల చిరునామా యుండవలెను. అది వీధిలో ఇంటి నంబరు వంటిది. ఇల్లు దొరకిన పిదప ఏ గది తలుపు తట్టవలెనో తెలియవలెను. ఆ గది నంబరునకు పోర్టు అని పేరు. డేటాబేసులలో మైఎస్‌క్యూఎల్ అనునది మామూలుగా 3306 అను పోర్టునందును, పోస్ట్‌గ్రెస్ అనునది 5432 అను పోర్టునందును బదులు పలుకును. గదిలో పలుకువారు, అనగా డేటాబేసు ప్రోగ్రాము, మేలుకొని యుండవలెను. గుమ్మమువద్ద ఫైర్‌వాల్ అను కావలివాడు మనలను పోనీయవలెను.

తీగ, స్విచ్, చిరునామా, కావలి, లోపల పలుకు ప్రోగ్రాము, ఈ ఐదింటిలో ఏది చెడినను తెరమీద కనబడు వాక్యము ఇంచుమించుగా ఒక్కటే. కనుకనే ఆ వాక్యము చూచి కారణము నూహించుట పొరపాటు. నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను.

మొదటి ప్రశ్న: ఎవరికి తెగినది?

ఒక్కరికా, అందరికా? మా నోటు పుస్తకములో మొదటి వారముననే ఇది స్పష్టమయ్యెను. కరెంటు పోయి వచ్చినపుడెల్ల అందరికిని ఒకేసారి తెగుచుండెను. అందరికిని తెగినదన్న దోషము అందరికిని ఉమ్మడియైన చోట నుండవలెను. అట్టి చోట్లు రెండే, స్విచ్ మరియు సర్వరు. సర్వరు యు.పి.ఎస్. బ్యాటరీమీద నడుచుచున్నది. బల్లలమీది కంప్యూటర్లును యు.పి.ఎస్. మీదనే యున్నవి. బల్ల క్రింద వంగి చూడగా స్విచ్ పెట్టె మాత్రము గోడలోని మామూలు ప్లగ్గులో నుండెను! కరెంటు రెప్పపాటు పోయినను ఆ పెట్టె ఆరిపోయి, తిరిగి మేలుకొనుటకు కొంత సేపు పట్టుచుండెను. ఇరువైపుల కంప్యూటర్లును వెలుగుచునే యుండుటచే కరెంటును ఎవరును అనుమానింపలేదు. ఆ ప్లగ్గును తీసి యు.పి.ఎస్.లో పెట్టుటకు ఒక్క నిమిషము పట్టెను. మేము మార్చదలచిన సాఫ్టువేరునకు దీనితో ఏ సంబంధమును లేకపోయెను.

ఒక్కరికే తెగినచో ఆ ఒక్కరి కేబులు, ఆ ఒక్కరి కంప్యూటరు చూడవలెను. రుసుములు పుచ్చుకొను బల్లవద్ద రోజునకు పలుమార్లు తెగుచుండెను. పొరుగు బల్ల కేబులును దీనికి పెట్టి, దీని కేబులును పొరుగునకు పెట్టి చూచితిమి. తెగుట పొరుగు బల్లకు తరలిపోయెను. కావున దోషము కంప్యూటరులో లేదు, కేబులులోనే కలదు. అది తలుపు క్రిందుగా పోవుచు, తలుపు వేసినపుడెల్ల నలుగుచుండెను. మార్చి చూచునపుడు ఒకసారి ఒక్కదానినే మార్చవలెను. రెండింటిని కలిపి మార్చినచో దోషము పోయినను ఏది కారణమో తెలియదు. మరల వచ్చినపుడు మరల మొదటికి పోవలెను.

రెండవ ప్రశ్న: ఎప్పుడు తెగినది?

పని జరుగుచుండగానా, పని ఆగియున్న పిదపనా? ఒక కంప్యూటరు మధ్యాహ్న భోజనము పిమ్మటనే మొరాయించుచుండెను. కొంతసేపు ఎవరును తాకనిచో విద్యుత్తు ఆదాకొరకు నెట్‌వర్కు కార్డును నిద్రపుచ్చు ఏర్పాటు విండోస్‌లో కలదు. ఆ ఏర్పాటును తీసివేయగానే భోజనానంతరపు జబ్బు కుదిరెను.

గుడియాత్తము శాఖ కథ ఇంతకంటె సూక్ష్మమైనది. అక్కడి కంప్యూటరు ఇంటర్నెట్టు మీదుగా, ఇతరులు చూడలేని వీపీఎన్ అను గుప్తమార్గమున వేలూరి సర్వరును చేరును. నడుమనున్న రూటరు ఎవరెవరు ఎవరితో మాటలాడుచున్నారో ఒక చిట్టా వ్రాసికొనును. కొంతసేపు ఇరువైపులను మాట లేనిచో, ఆ సంభాషణ ముగిసినదనుకొని చిట్టానుండి కొట్టివేయును. ఆ సంగతి ఇరువైపులకును చెప్పదు. శాఖలోని కంప్యూటరు తన సంబంధము నిలిచియే యున్నదనుకొనును. గంట తరువాత ఒక తండ్రి వచ్చి పత్రమడిగినపుడు, అది పాత దారిని ప్రశ్న పంపి, బదులు రాక, చివరకు తెగినదని ప్రకటించును.

దీనికి విరుగుడు, మాట లేనపుడును అప్పుడప్పుడు "ఉన్నారా?" "ఉన్నాము" అని పలుకరించుకొనుట. దీనిని కీప్‌అలైవ్ అందురు. వేరుగా నిర్ణయింపనిచో విండోస్‌లోను లైనక్స్‌లోను ఈ పలుకరింపు 7,200 సెకండ్లకు, అనగా రెండు గంటలకు మొదలగును. చాల రూటర్లు అంతకు ముందే మరచిపోవును. మేము దానిని ఐదు నిమిషములకు తగ్గించితిమి. శాఖలో నిత్యమును వినబడుచుండిన ఫిర్యాదు ఆగిపోయెను. ఆ తండ్రిని మొదటి దినమున వట్టి చేతులతో పంపిన దోషమిదియే.

మూడవ ప్రశ్న: ఎంతవరకు పోగలము?

దారిలో ఏ మజిలీ వరకు పోగలమో పరీక్షించుటకు పింగ్ అను చిన్న సాధనము కలదు. దీనిని 1983లో మైక్ మూస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు వ్రాసెను. నీటిలో ధ్వనిని పంపి ప్రతిధ్వని వినుటవంటిదే ఈ పని. ఒక చిరునామాకు చిన్న పలుకు పంపి, తిరిగి వచ్చునేమో చూడవలెను. మొదట పొరుగు కంప్యూటరునకు, పిదప రూటరునకు, ఆపై సర్వరునకు పంపవలెను. ఎక్కడ మౌనమెదురగునో అక్కడ ఆగి వెదకవలెను. మన కంప్యూటరు చిరునామాయే 169.254 అని మొదలగుచున్నచో, దానికి చిరునామా యిచ్చువారు దొరకక తానే ఒకటి తగిలించుకొన్నదని గ్రహింపవలెను.

పింగ్ బదులు వచ్చినంత మాత్రమున అంతయు సరియని తలంపరాదు. ఇల్లున్నది, దీపమున్నది, అయినను గదిలో పలుకువారు నిద్రించుచుండవచ్చును. డిస్కు నిండిపోయినను డేటాబేసు ప్రోగ్రాము ఆగిపోవచ్చును. కావున పోర్టు తలుపును గూడ తట్టి చూడవలెను. ఇందుకు ప్రతిగా పింగ్ బదులు రాకున్నను సర్వరు బాగుగనే యుండవచ్చును. కొందరు కావలివారు పింగ్‌ను మాత్రము అడ్డగింతురు.

నాలుగవ ప్రశ్న: నిన్నటికిని నేటికిని ఏమి మారినది?

ఒకనాటి ఉదయము ఎవరికిని సర్వరు దొరకలేదు. దీపములన్నియు వెలుగుచున్నవి, కేబుళ్లన్నియు సరిగనే యున్నవి. నోటు పుస్తకములో ముందునాటి సాయంకాలము "రూటరు మార్చబడెను" అని ఒక పంక్తి యుండెను. ఆ రూటరే కంప్యూటర్లకు చిరునామాలు పంచునది. క్రొత్త రూటరు సర్వరునకు వేరొక చిరునామా ఇచ్చెను. గుమాస్తాల కంప్యూటర్లు పాత యింటి తలుపే తట్టుచుండెను. సర్వరు చిరునామా ఎన్నడును మారకుండ స్థిరపరచితిమి.

అంతటితోను ముడి పూర్తిగా విడలేదు. క్రొత్త రూటరును చూచిన విండోస్, అది పరాయి నెట్‌వర్కని తలంచి, ఫైర్‌వాల్ కట్టుబాట్లను బిగించెను. ఇట్టి సమయమున ఫైర్‌వాల్‌ను మొత్తము తీసివేయుడని సలహా యిచ్చువారు పలువురు. అది తాళము చెడినదని తలుపు పీకివేయుట వంటిది. లోపల మన పిల్లల పేర్లు, చిరునామాలు ఉన్నవి. డేటాబేసునకు కావలసిన ఒక్క పోర్టును, మన కార్యాలయపు కంప్యూటర్లకు మాత్రమే, తెరచితిమి. అది చాలెను.

తెగిన క్షణమున వ్రాత యేమగును?

తల్లిదండ్రులు మిక్కిలి శ్రద్ధతో చదువవలసినది ఈ భాగము. సంబంధము తెగుట వేరు, పుట చినుగుట వేరు. దారి తెగినను సర్వరులోని పాత వివరములు చెక్కుచెదరవు. అయితే సరిగా వ్రాయుచున్న క్షణమున తెగినచో ఏమగును?

డేటాబేసులలో ట్రాన్సాక్షన్ అను కట్టుబాటు కలదు. ఒక పనికి సంబంధించిన వ్రాతలన్నియు కలసి జరుగవలెను, లేదా ఒక్కటియు జరుగరాదు. రుసుము జమ పడి రసీదు నంబరు పడకపోవుట యన్నది ఉండరాదు. నడుమ తెగినచో సగము వ్రాసినదానిని సర్వరు తుడిచివేయును. ఈ కట్టుబాటును తీర్చిదిద్దినవారిలో ముఖ్యుడైన జిమ్ గ్రే అను శాస్త్రజ్ఞునకు 1998వ సంవత్సరపు ట్యూరింగ్ బహుమతి లభించెను.

కట్టుబాటు ఉన్నను, ప్రోగ్రాము వ్రాయువాడు దానిని వాడవలెను. మా ప్రోగ్రాము పిల్లవాని పేరును ఒక వ్రాతగను, మాతృభాషను వేరొక వ్రాతగను పంపుచుండెను. ఈ రెంటి నడుమ సంబంధము తెగినందున ముగ్గురు పిల్లల మాతృభాష గడి ఖాళీగా మిగిలెను. పేర్లున్నవి గనుక ఎవరును గమనింపలేదు. ఒక తల్లి అచ్చు కాగితమును చదివి చూచి చెప్పుటచే బయటపడెను. పిమ్మట ఆ రెండు వ్రాతలను ఒకే ట్రాన్సాక్షనులో కట్టించితిమి.

మరొక చిక్కు కలదు. రుసుము పుచ్చుకొని మీట నొక్కినపుడు, సర్వరు వ్రాసికొని "సరి" అని పంపిన బదులు మాత్రమే దారిలో తప్పిపోవచ్చును. గుమాస్తాగారికి తెగినదను వాక్యమే కనబడును. వ్రాత పడలేదనుకొని మరల నొక్కినచో రుసుము రెండుమార్లు పడును. ఉత్తరమునకు జవాబు రానంత మాత్రమున ఉత్తరమే చేరలేదనుకొనరాదు గదా! కావున సంబంధము తిరిగి కలసిన పిదప, మొదట ఆ పిల్లవాని లెక్క తెరచి చూచి, పడలేదని నిశ్చయించుకొన్న తరువాతనే మరల వ్రాయవలెనని నియమము చేసితిమి.

తల్లిదండ్రులకు విన్నపము

1. వివరములు నమోదైన పిమ్మట అచ్చు కాగితము నడిగి చదువుడు. పేరు, పుట్టిన తేది, మాతృభాష, ఈ మూడింటిని అక్షరమక్షరము చూడుడు.

2. రుసుము చెల్లించునపుడు సంబంధము తెగినచో చేతివ్రాత రసీదు తప్పక పుచ్చుకొనుడు. లెక్కలో ఒక్కసారియే పడినదని మరునాడు సరిచూచుకొనుడు.

3. మీలో పలువురకు లాంగ్ బజారులోను, గుడియాత్తములోను దుకాణములు కలవు. బిల్లు కంప్యూటరు మొరాయించినపుడు ఎవరికి, ఎప్పుడు, ఎంతవరకు, ఏమి మారినది అను నాలుగు ప్రశ్నలను వేసికొనుడు. మరమ్మతు చేయువానిని పిలిచినను, గంటయు నిమిషమును వ్రాసిన కాగితము చేతనున్నచో అతని పని సగము తగ్గును.

4. పిల్లలకు ఈ పద్ధతిని నేర్పుడు. లెక్క తప్పినపుడు మొత్తము కొట్టివేయక, ఏ మెట్టున తప్పెనో చూచుటయు ఈ విద్యయే.

ఆ తండ్రిగారి కుమార్తె బదిలీ పత్రమును మరునాడు మేమే గుడియాత్తమునకు పంపి వారి యింట ఇప్పించితిమి. వారు పోగొట్టుకొన్న రెండు దినముల కూలి మాత్రము తిరిగి ఈయలేకపోతిమి. ఇపుడు మా రెండు కార్యాలయములలోను ఒక కట్టుబాటు కలదు. సంబంధము తెగియున్నపుడు వచ్చినవారి కోరికను కాగితముమీద వ్రాసికొని, ఫోను నంబరు పుచ్చుకొని, సంబంధము కలసిన వెంటనే పత్రము సిద్ధపరచి మేమే కబురు పంపుదుము. వేలూరిలో పత్రము అచ్చయి చేతికి వచ్చిన పిదపనే గాని, అక్కడ దొరకునని ఊహించి ఎవరినిని గుడియాత్తము నుండి బస్సెక్కింపము. నోటు పుస్తకము గుమాస్తాగారి బల్లమీదనే యున్నది. తల్లిదండ్రులలో ఎవరైనను వచ్చి చూడవచ్చును.